పందొమ్మిదవ ఎలక్ట్రాను: పరమాణు నిర్మాణము, మూలకముల వరుసక్రమము

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సాయంకాలము తెలుగు తరగతి ముగిసిన పిమ్మట ఒక బాలిక నా బల్ల యొద్ద నిలిచి తన సైన్సు నోటుపుస్తకమును చూపెను. అందు రెండు వాక్యముల క్రింద గీతలు గీచియున్నవి. పరమాణువు యొక్క మూడవ కర్పరమునందు 18 ఎలక్ట్రానులు పట్టునని మొదటి వాక్యము. పొటాషియము పరమాణువునందలి 19 ఎలక్ట్రానులు 2, 8, 8, 1 అను క్రమమున అమరియుండునని రెండవ వాక్యము. "మాస్టారూ, మూడో గదిలో ఇంకా పది చోట్లు ఖాళీగా ఉన్నాయి గదా! మరి పందొమ్మిదోది నాలుగో గదికి ఎందుకు పోయింది?" అని ఆమె అడిగెను. సైన్సు తరగతిలో అడుగగా పరీక్షలో అట్లే వ్రాయవలెనని సమాధానము వచ్చినదట. ఆ పాఠము ఆమె చదివినది మన భాషలో కాదు. తెలుగులో చెప్పినచో బోధపడునేమోయను ఆశతో నా యొద్దకు వచ్చెను.

నేను తెలుగు చెప్పువాడనేగాని రసాయనశాస్త్రజ్ఞుడను కాను. ఆనాడు సమాధానము చెప్పలేకపోతిని. పిమ్మట పుస్తకములు తిరుగవేసి, తెలిసినవారిని అడిగి గ్రహించినదేమనగా, ఆ బాలిక ప్రశ్న చిన్నది కాదు. మూలకముల ఆవర్తన పట్టిక యంతయు ఆ ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నది. పందొమ్మిదవ ఎలక్ట్రాను నాలుగవ కర్పరమునకు పోవుటకు గల కారణమును తెలిసికొన్నవారికి పరమాణువుల పరిమాణము ఎచ్చట పెరుగును, ఎచ్చట తగ్గును, ఏ లోహము నీటిలో మండును, ఏ లోహము వేయేండ్లు మెరయును అను సంగతులను విడివిడిగ కంఠస్థము చేయవలసిన పని యుండదు. ఆ సమాధానమును మన మాటలలో చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

పరమాణువు లోపలి స్వరూపము

పరమాణువను మాట మనకు క్రొత్తది కాదు. వైశేషిక దర్శనమునందు అది ప్రాచీనకాలమునుండి కలదు. కాని నేటి శాస్త్రము చెప్పు పరమాణువు తర్కముచేత ఊహింపబడినది గాక ప్రయోగములచేత కొలువబడినది. పైగా విభజింపరానిదియు కాదు. 1897లో ఇంగ్లండు దేశమున జె. జె. థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు అన్ని పదార్థములందును ఉండు రుణావేశముగల సూక్ష్మకణమును, అనగా ఎలక్ట్రానును, కనుగొనెను. 1909లో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలయందు గైగర్, మార్స్‌డెన్ అను ఇరువురు అతి పలుచని లోహపు రేకులమీదికి ఆల్ఫా కణములను పంపి చూచిరి. దాదాపు అన్నియు తిన్నగ దాటిపోయెను. వేలకొలది కణములలో ఏ ఒక్కటియో మాత్రము తాకి వెనుకకు మరలెను. దీనినిబట్టి 1911లో రూథర్‌ఫర్డ్ ఒక నిర్ణయమునకు వచ్చెను. పరమాణువునందలి ధనావేశమంతయు, భారము దాదాపు అంతయు నడుమనున్న అత్యల్పమైన కేంద్రకమునందే కూడియున్నది. తక్కిన చోటు ఎలక్ట్రానులది.

కేంద్రకపు వెడల్పు పరమాణువు వెడల్పులో పదివేలవ వంతునకును లక్షవ వంతునకును నడుమ నుండును. ఒక కిలోమీటరు వెడల్పుగల మైదానమును పరమాణువుగా భావించినచో దాని నడుమ పెట్టిన నిమ్మకాయ కేంద్రకమగును. ఆ నిమ్మకాయలో ధనావేశముగల ప్రోటానులును, 1932లో చాడ్విక్ కనుగొనిన ఆవేశములేని న్యూట్రానులును ఉన్నవి. ప్రోటాను భారము ఎలక్ట్రాను భారమునకు సుమారు 1836 రెట్లు. ప్రోటానుల సంఖ్యయే పరమాణు సంఖ్య. పరమాణువు మొత్తముమీద ఆవేశరహితము గనుక ఎన్ని ప్రోటానులో అన్నియే ఎలక్ట్రానులు. పొటాషియము సంఖ్య 19. కావుననే మన పందొమ్మిదవ ఎలక్ట్రాను.

శక్తిమెట్లు, గుంటూరున కనబడిన రేఖ

ఎలక్ట్రానులు కేంద్రకమునుండి తమ యిచ్చవచ్చినంత దూరమున, యిచ్చవచ్చినంత శక్తితో ఉండజాలవు. మెట్లపై నిలుచువాడు ఈ మెట్టుమీదనో ఆ మెట్టుమీదనో నిలువవలెనుగాని రెండు మెట్ల నడుమ గాలిలో నిలువలేడు గదా! ఎలక్ట్రానుల శక్తియు అట్లే నిర్ణీతమైన మెట్లుగా నుండునని 1913లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు నీల్స్ బోర్ ప్రతిపాదించెను. పైమెట్టునుండి క్రిందిమెట్టునకు దిగునపుడు ఎలక్ట్రాను ఆ రెండు మెట్ల భేదమునకు సరిపడు కాంతిని వెలిగ్రక్కును. మెట్లు నిర్ణీతములు గనుక ఆ కాంతి రంగును నిర్ణీతమే.

దీనికి నిదర్శనము మన వంటయింటనే కలదు. పొయ్యిమంటలో ఉప్పురవ్వ పడినపుడు మంట పసుపుపచ్చగ మారును. అది ఉప్పులోని సోడియము వెలిగించు కాంతి. పొటాషియము లేతయూదా రంగు నిచ్చును. బాణసంచాలోని ఎరుపు స్ట్రాంషియమువలనను, ఆకుపచ్చ బేరియమువలనను కలుగుచున్నవి. ప్రతి మూలకమునకును తన కాంతిరేఖలు తనకు వేలిముద్రలవంటివి.

ఈ వేలిముద్రల చరిత్రలో మన తెలుగునేలకొక స్థానము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు ఫ్రాన్సునుండి జాన్సెన్ అను ఖగోళజ్ఞుడు గుంటూరునకు వచ్చెను. మచిలీపట్నమున పాగ్సన్ మొదలగువారు చూచిరి. సూర్యబింబపు అంచునందలి జ్వాలల కాంతిని విడదీసి చూడగా ప్రకాశమానములైన రేఖలు కనబడెను. వానిలో పసుపురేఖ యొకటి సోడియము రేఖకు మిక్కిలి చేరువగ నుండెనుగాని సోడియముది కాదని ఆ సంవత్సరమే ఇంగ్లండునందు లాకియర్ గుర్తించెను. భూమిమీద అప్పటికి ఎవరికిని తెలియని మూలకమునకు సూర్యుని గ్రీకు నామమునుబట్టి హీలియమని పేరు వచ్చెను. 1895లో ర్యామ్సే దానిని యురేనియము గల ఖనిజమునుండి వెలికితీసెను. హీలియమునకు ఎలక్ట్రానులు రెండే. ఆ రెంటితో మొదటి కర్పరము నిండిపోవును.

కర్పరములు, ఉపకర్పరములు

కర్పరమనగా పెంకు, చిప్ప యని యర్థము. కేంద్రకముచుట్టు ఒకదానిపై నొకటిగా నున్న ఎలక్ట్రానుల స్థాయిలకు మన శాస్త్రగ్రంథములందు ఈ పేరు పెట్టిరి. గ్రహములు సూర్యునిచుట్టు తిరిగినట్లు ఎలక్ట్రానులు గీతగీచిన దారిలో తిరుగునని మాత్రము భావింపరాదు. 1926లో ష్రోడింగర్ రచించిన సమీకరణము ప్రకారము ఎలక్ట్రాను ఎచ్చట ఎంతవరకు ఉండ వీలున్నదో మాత్రమే చెప్పగలము. అట్టి ప్రదేశమునకు ఆర్బిటాలని పేరు. ఒక్కొక్క ఆర్బిటాలున రెండు ఎలక్ట్రానులకు మించి పట్టవని 1925లో పౌలీ ప్రకటించిన నియమమునుండి తేలుచున్నది.

కర్పరములు మరల ఉపకర్పరములుగ విభక్తములై యున్నవి. వానికి ఎస్, పి, డి, ఎఫ్ అని పేర్లు. ఎస్ నందు 2, పి యందు 6, డి యందు 10, ఎఫ్ నందు 14 ఎలక్ట్రానులు పట్టును. మొదటి కర్పరమున ఎస్ మాత్రమే కలదు, కావున 2. రెండవదానియందు ఎస్, పి కలవు, కావున 8. మూడవదానియందు ఎస్, పి, డి కలవు, కావున 18. నాలుగవదానియందు ఎఫ్ కూడ చేరును, కావున 32. బాలిక నోటుపుస్తకములోని మొదటి వాక్యము ఇట్లు వచ్చినది. అది సత్యమే. ఆమె చెప్పిన పది ఖాళీచోట్లు మూడవ కర్పరములోని డి చోట్లు.

పందొమ్మిదవది ఎచ్చటికి పోవలెను?

ఎలక్ట్రానును కేంద్రకము తనవైపునకు లాగుచుండును. తోటి ఎలక్ట్రానులు వెలుపలికి త్రోయుచుండును. లోపలనున్న ఎలక్ట్రానులు కేంద్రకపు ఆకర్షణను వెలుపలివానికి అందకుండ కొంత అడ్డగించును. దీనిని కవచ ప్రభావమందురు. దేవాలయమున ఉత్సవమునాడు ముందు వరుసలలో నిలిచినవారు వెనుకవారికి దర్శనమును మరుగుపరచుట వంటిదే ఇది.

ఆ ఉత్సవమునందే ఇరువురు భక్తులను ఊహింతము. ఒకనికి నడిమి వరుసలో స్థానము. అతడు దానిని వదలి ముందునకు రాడు. రెండవవాని స్థానము మరింత వెనుక. కాని అతడు సందుచూచుకొని మాటిమాటికి గర్భాలయ ద్వారమువరకు వచ్చిపోవుచుండును. దర్శనభాగ్యము ఎవనికి ఎక్కువ? వెనుకవానికే. పొటాషియమునందు మూడవ కర్పరపు డి, అనగా 3డి, మొదటి భక్తునివంటిది. నాలుగవ కర్పరపు ఎస్, అనగా 4ఎస్, రెండవవానివంటిది. 4ఎస్ ఎలక్ట్రాను ఎక్కువకాలము వెలుపలనే యుండును. అయినను కొంతభాగము లోపలి కర్పరములను చొచ్చుకొని కేంద్రకపు సమీపమువరకు పోవును. ఆ సమయమున కవచము దానిని అడ్డగింపదు. 3డి ఎలక్ట్రానుకు ఈ చొచ్చుకొనిపోవు గుణము లేదు.

ఇది ఉపమానముచేత తృప్తిపడవలసిన విషయము కాదు, కొలతలున్నవి. పద్దెనిమిది ఎలక్ట్రానులు పూర్తిగ అడ్డుపడి, కేంద్రకపు ఆకర్షణలో ఒక్క ప్రోటాను పాలు మాత్రమే వెలుపలికి వచ్చినచో, నాలుగవ మెట్టుపైనున్న ఎలక్ట్రానును వెలికి లాగుటకు 0.85 ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి చాలవలెను. మూడవ మెట్టుపైనున్నదానికి 1.51 కావలెను. పొటాషియము కాంతిరేఖలనుండి తేలిన నిజమేమనగా, 4ఎస్ నుండి లాగుటకు 4.34 ఎలక్ట్రాన్‌వోల్టులు కావలెను. అదే ఎలక్ట్రానును 3డి కి ఎక్కించి అచ్చటనుండి లాగుటకు సుమారు 1.67 చాలును. 3డి లెక్కకు దాదాపు సరిపోయినది. 4ఎస్ లెక్కకు ఐదురెట్లు గట్టిగ పట్టువడియున్నది. ఎలక్ట్రానులు తక్కువ శక్తిగల చోటనే స్థిరపడును. కావున పందొమ్మిదవది పది ఖాళీచోట్లను వదలి 4ఎస్ నకు పోయినది.

ఇరువదవది, అనగా కాల్షియముది, కూడ అచ్చటికే పోవును. దానితో 4ఎస్ నిండును. ఈలోగా కేంద్రకమునందు ప్రోటానులు పెరుగుటచేత 3డి స్థాయి క్రిందికి దిగివచ్చును. 21వ మూలకమైన స్కాండియమునుండి 30వదియైన జింకువరకు టైటానియము, వనేడియము, క్రోమియము, మాంగనీసు, ఇనుము, కోబాల్టు, నికెలు, రాగి మొదలైన పది లోహములు ఆ పది చోట్లను నింపుచున్నవి. బాలిక లెక్కించిన ఖాళీలు వృథాపోలేదు. మన యిండ్లలోని ఇనుము, రాగి వానిలోనివే. క్రోమియము, రాగి మాత్రము 4ఎస్ నుండి ఒకదానిని 3డి కి చేర్చుకొని అందు వరుసగ ఐదును, పదియు గలిగియున్నవి.

ఈ సమాధానము చెప్పినపుడు ఆ బాలిక మరియొక ప్రశ్న వేసెను. ఇనుము ఎలక్ట్రానులను విడుచునపుడు కడపట చేరిన 3డివి ముందుగ పోవునా యని. పోవు. ముందుగ పోవునవి 4ఎస్ లోని రెండే. ఏలయనగా ఇనుమునకు వచ్చునప్పటికి 3డి లోపలికి కుదించుకొని గట్టిపడినది; వెలుపలనుండునవి 4ఎస్ ఎలక్ట్రానులే. చేరుటలోను అవియే ముందు, వీడుటలోను అవియే ముందు.

వర్ణమాలయు మూలకముల పట్టికయు

మనము క, ఖ, గ, ఘ, ఙ లను ఒక వరుసగను, దాని క్రింద చ వర్గును, ట, త, ప వర్గులను వ్రాయుదుము. అడ్డముగ చూచిన ఉచ్చారణస్థానము ఒకటి; నిలువుగ చూచిన ఉచ్చారణరీతి ఒకటి. నిలువు వరుసలోని అక్షరములు వ్యాకరణమునందు ఒకే కుటుంబమువలె నడచుకొనును. సరళాదేశ సంధిలో క, చ, ట, త, పలు ఐదును ఒకేవిధముగ గ, జ, డ, ద, బలుగ మారును. ఐదింటికి ఐదు సూత్రములు అక్కరలేదు. మూలకముల పట్టికయు అట్టిదే. అడ్డువరుసకు పీరియడనియు, నిలువువరుసకు గ్రూపనియు పేరు. ఒకే గ్రూపులోని మూలకములకు కడపటి కర్పరమునందలి ఎలక్ట్రానుల సంఖ్య సాధారణముగ సమానము. కావున వాని నడత సమానము.

అయితే పట్టిక పుట్టినప్పటికి ఎలక్ట్రాను సంగతి ఎవరికిని తెలియదు. 1869లో రష్యాదేశమున మెండెలీఫ్ అప్పటికి తెలిసిన 63 మూలకములను పరమాణు భారములనుబట్టి వరుసగ పేర్చగా గుణములు మరల మరల ఆవృత్తమగుచుండెను. సరిపడు మూలకము లేనిచోట అతడు ఖాళీని విడిచి, అందు రాబోవుదాని గుణములను ముందుగనే చెప్పెను. వానికి పెట్టిన తాత్కాలిక నామములలో సంస్కృత సంఖ్యాపదమును వాడెను: ఏక అల్యూమినియము, ఏక సిలికాను, ఏక బోరాను. 1875లో ఫ్రాన్సునందు గాలియము దొరకెను. దాని సాంద్రత 4.7 అని కనుగొన్నవారు ప్రకటింపగా, 5.9 ఉండవలెను, మరల కొలువుడని మెండెలీఫ్ వ్రాసెను. శుద్ధిచేసి కొలువగా 5.9 అయ్యెను. చూడని మూలకము తూకము చూచినవానికంటె చూడనివానికే ముందు తెలిసెను! 1879లో స్కాండియము, 1886లో జర్మేనియము తక్కిన రెండు ఖాళీలను పూరించెను.

భారమునుబట్టి పేర్చుటలో ఒక చిక్కు మిగిలెను; అదియు మన పొటాషియము వద్దనే. 1894లో కనుగొనబడిన ఆర్గాను పరమాణు భారము 39.95; పొటాషియముది 39.10. భారమునే అనుసరించినచో పొటాషియము ముందు వచ్చి జడవాయువుల కుటుంబములో పడవలెను. ఆర్గాను సోడియము క్రిందికి పోవలెను. నీటిలో మండు లోహమెక్కడ, దేనితోను కలియని వాయువెక్కడ! 1913లో మోస్లీ అను యువకుడు మూలకముల ఎక్స్ కిరణములను కొలిచి, పట్టికకు ఆధారము భారము కాదు, కేంద్రకపు ధనావేశ సంఖ్యయని చూపెను. ఆర్గాను 18, పొటాషియము 19. చిక్కు విడిపోయెను. ఆ మోస్లీ 1915లో గలిపోలి యుద్ధమున 27 ఏండ్ల వయసున మరణించెను.

ఉపకర్పరములు నిండు క్రమమే పట్టిక ఆకారమునకు కారణము. అడ్డువరుసలలోని మూలకముల సంఖ్యలు 2, 8, 8, 18, 18, 32, 32. వీని మొత్తము 118. ఏడవ వరుసలోని కడపటి ఖాళీలను పూరించిన నాలుగు మూలకములకు 2016లో పేర్లు స్థిరపడెను.

గుణములు పెరుగుట, తగ్గుట

ఇప్పుడు పిల్లలు కంఠస్థము చేయు సూత్రములను చూతము. నిలువువరుసలో క్రిందికి పోవుకొలది పరమాణువు పెద్దదగును; అడ్డువరుసలో కుడివైపునకు పోవుకొలది చిన్నదగును. మొదటిదానికి కారణము స్పష్టము: మెట్టునకొక క్రొత్త కర్పరము చేరుచున్నది. పికోమీటరనగా మీటరులో లక్షకోట్లవ వంతు. ఆ కొలతలో లిథియము వ్యాసార్థము 152, సోడియము 186, పొటాషియము 227, సీజియము 265. రెండవ సూత్రము మొదట వింతగ తోచును. సోడియమునుండి క్లోరినువరకు ఎలక్ట్రానులు పెరుగుచుండగా పరమాణువు చిన్నదగునేల? ఎలక్ట్రానుతోపాటు ప్రోటానును పెరుగుచున్నది. క్రొత్త ఎలక్ట్రానులన్నియు ఒకే కర్పరమున చేరుచున్నవి. ఒకే వరుసలో ప్రక్కప్రక్కన నిలిచినవారు ఒకరికొకరు అంతగ అడ్డుపడరు. కావున ఆకర్షణ హెచ్చి కర్పరము లోపలికి ముడుచుకొనును.

దీనికి చక్కని పరీక్ష యొకటి కలదు. క్లోరిను ఒక ఎలక్ట్రానును పుచ్చుకొనినను, పొటాషియము ఒకదానిని, కాల్షియము రెంటిని విడిచినను అన్నిటికి 18 ఎలక్ట్రానులే మిగులును. ఆ అయానుల వ్యాసార్థములు వరుసగ 181, 138, 100 పికోమీటర్లు. ఎలక్ట్రానులు సమానము, ప్రోటానులు 17, 19, 20. లాగువారు ఎక్కువైనకొలది పరిమాణము తగ్గెను.

పరమాణువునుండి మొదటి ఎలక్ట్రానును తొలగించుటకు కావలసిన శక్తికి అయనీకరణ శక్తి యని పేరు. మోలునకు కిలోజౌలులలో సోడియమునకు 496, మెగ్నీషియమునకు 738, క్లోరినునకు 1251, ఆర్గానునకు 1521. ఆ పిమ్మటి పొటాషియమునకు హఠాత్తుగ 419. పందొమ్మిదవది క్రొత్త కర్పరమున ఒంటరిగ నున్నదనుటకు ఈ పతనమే సాక్ష్యము. సోడియమునుండి రెండవదానిని తీయవలెనన్న 4562 కావలెను. అందుచేతనే సోడియము ఒక్కదానిని ఇచ్చునుగాని రెంటిని ఈయదు. సంయోజకత యనునది ఎవరో నిర్ణయించిన అంకె కాదు. పరమాణువు భరింపగలిగిన వ్యయము.

ఈ వరుసలో రెండుచోట్ల మెట్టు తప్పును. అల్యూమినియమునకు 578, ముందున్న మెగ్నీషియముకంటె తక్కువ. గంధకమునకు 1000, ముందున్న భాస్వరమునకు 1012. ఇవి నియమభంగములు కావు. అల్యూమినియమునందు క్రొత్త ఎలక్ట్రాను ఎస్ ను విడిచి, తక్కువగ చొచ్చుకొనిపోవు పి యందు చేరినది. గంధకమునందు పి లోని మూడు ఆర్బిటాలులందును ఒక్కొక్కటి యుండగా, నాలుగవది ఒకదానితో ఇరుకున పడి త్రోయబడుచున్నది. మినహాయింపును కూడ అదే కారణము చెప్పగలిగినపుడే కారణము గట్టిదని తెలియును.

సీజియము, కోలారు బంగారము

ఒకే అడ్డువరుసలో సీజియము, బంగారము కలవు. రెంటికిని వెలుపలి కర్పరమున ఉన్నది ఒకే ఎలక్ట్రాను. అదియు 6ఎస్ నందే. అయినను సీజియము గాలి తగిలినంతనే మండును. బంగారము తరతరములు మెరయును. సీజియము సంఖ్య 55, బంగారము సంఖ్య 79. నడుమ 24 ప్రోటానులు పెరిగినవి. వానితో వచ్చిన 24 ఎలక్ట్రానులలో 14 ఎఫ్ లోను, 10 డి లోను లోపలచేరినవి. ఈ రెండును విరివిగ వ్యాపించియుండునవి గనుక మంచి కవచములు కావు. 24 ప్రోటానుల ఆకర్షణను పూర్తిగ మరుగుపరచలేవు. కావున వెలుపలిది లోపలికి లాగబడి, వ్యాసార్థము 265 నుండి 144 పికోమీటర్లకు తగ్గినది. అయనీకరణ శక్తి 376 నుండి 890 కి పెరిగినది. అంత భారమైన కేంద్రకమునొద్ద ఎలక్ట్రానుల వేగము కాంతివేగముతో పోల్చదగినంత యగుటచేత ఆ పట్టు మరింత బిగిసినది. బంగారపు పచ్చదనమునకును అదియే కారణము.

కోలారు గనులు 2001లో మూతపడువరకు అచ్చటి లోతులలో మన తెలుగువారును శ్రమించిరి. వారు త్రవ్వి తీసిన లోహము రాళ్లలో తుప్పుపట్టక యుగములుగ నిలిచియుండుటకు గల కారణమిది.

ఒక కర్పరపు భేదము

సోడియమునకును పొటాషియమునకును భేదము ఒక కర్పరమే. నీటిలో వేసినచో రెండును మండును. పొటాషియము మరింత తీవ్రముగ. అంతమాత్రపు భేదమే మన ప్రాణమునకు ఆధారము. జీవకణము లోపల పొటాషియము అయానులు, వెలుపల సోడియము అయానులు హెచ్చుగ నుండును. కణపు పొరయందలి ఒక ప్రోటీను మూడు సోడియము అయానులను వెలికి పంపి రెండు పొటాషియము అయానులను లోనికి తెచ్చుచుండును. 1957లో దానిని కనుగొనిన యెన్స్ స్కౌ అను శాస్త్రజ్ఞునికి 1997లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆ పొరలోనే పొటాషియము పోవు ద్వారములు కలవు. 138 పికోమీటర్ల పొటాషియము ఆ ద్వారమున సరిగ ఇముడును. 102 పికోమీటర్ల సోడియము చిన్నదైనను, దానిని ఆదుకొను ఆమ్లజని పరమాణువులు అందక, పోజాలదు. నరములలో సందేశము నడచుటకు, గుండె లయతప్పక కొట్టుకొనుటకు ఈ భేదము ముఖ్యము. మూత్రపిండములు చెడి రక్తమున పొటాషియము పెరిగినవారిని అరటిపండ్లు, కొబ్బరినీళ్లు తగ్గింపుడని వైద్యులు హెచ్చరించుట ఇందుచేతనే. ఆ మాట వెనుక పందొమ్మిదవ ఎలక్ట్రాను కథ యున్నది.

ముగింపు

ఇచ్చట చెప్పిన విషయములలో నేను కనుగొనినదేదియు లేదు. కాని ఈ వ్యాసము వ్రాయుచుండగా నాకు తెలిసినదొకటి: మన భాషలో పరమాణువు, కేంద్రకము, కర్పరము, కవచము, అయనీకరణము అను మాటలు సిద్ధముగ నున్నవి. లేని చోట ఎలక్ట్రాను, ప్రోటాను అను మాటలకు మన ప్రత్యయములు చేర్చిన చాలును. అవి మనవే యగును. కొరత మాటలకు కాదు, వానిని ఇంటిలో పలుకుటకు.

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములందును యానామునందును తరతరములుగ స్థిరపడిన మన కుటుంబములలోని పిల్లలు శాస్త్రమును ఇంగ్లీషులోనో రాష్ట్రభాషలోనో చదువుట సహజము. అందు తప్పు లేదు. ఏ భాషలో చదివినను ఇంటికి వచ్చిన పిమ్మట "ఈవేళ ఏమి చెప్పిరి? ఎందువలన?" అని పెద్దలు తెలుగులో అడుగవలెనని నా మనవి. పిల్లలు తమ మాటలలో చెప్పగలిగినది బోధపడినట్లు. చెప్పలేక తడబడినచోట ఒక మంచి ప్రశ్న దాగియున్నట్లు. పది ఖాళీచోట్లను లెక్కపెట్టిన ఆ బాలికకు కావలసినది మార్కులు కాదు, కారణము. అట్టి పిల్లలు మన ప్రతి ఊరిలోను ఉన్నారు. వారు అడుగునపుడు మనము వినవలెను. తెలియనిచో తెలిసికొని మరల వారి యొద్దకు పోవలెను.